‘అవునండి’ అన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టేనా?

మేధో వైకల్యం ఉన్న మనిషి పోలీసు విచారణలోనో, కోర్టులోనో, జైల్లోనో చిక్కుకున్నప్పుడు ఆ పక్కన నిలబడవలసినవారు ఏం చేయాలని అడుగుతూ వచ్చిన ఉత్తరాలకు ఈ నెల జవాబులు ఇస్తున్నాను. రాసినవారి ఆనవాళ్లు తెలియకుండా ఉత్తరాలను కుదించాను. చట్టం ఒక్కో దేశంలో ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి, మీ కేసుకు సంబంధించిన నిర్ణయాలు మీ వకీలును సంప్రదించాకే తీసుకోండి.

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. పుట్టినప్పటి నుంచీ మేధో వైకల్యం ఉంది. చదవడం పెద్దగా రాదు కానీ పలకరిస్తే చక్కగా మాట్లాడతాడు, తన పనులు తను చేసుకుంటాడు. పక్క భవనంలో జరిగిన దొంగతనం విషయమై తీసుకెళ్లి నాలుగు గంటల పాటు ప్రశ్నించారు. తనే తీశానని ఒప్పుకున్నాడట. ఇంటికి వచ్చాక అడిగితే ‘నేను తీయలేదక్కా’ అంటున్నాడు. మరి తీశానని ఎందుకు చెప్పావంటే ‘సారు అడిగారు’ అంటున్నాడు. ఒప్పుకున్నవాడి కోసం ఇంకేం చేస్తామని బంధువులు చేతులెత్తేశారు. నిజంగా ఏమీ చేయలేమా? — ఒక అక్క

జవాబు: చేయగలిగింది చాలా ఉంది. ముందుగా మీ తమ్ముడు అన్న ‘సారు అడిగారు’ అనే రెండు మాటలను, ఎప్పుడు అన్నాడో, అప్పుడు పక్కన ఎవరున్నారో తేదీతో సహా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఈ కేసుకు ఆ రెండు మాటలే ప్రాణం కావచ్చు.

మేధో వైకల్యం ఉన్న పిల్లవాడు చాలా చిన్న వయసులోనే ఒక సంగతి కనిపెడతాడు. తెలియదంటే నవ్వుతారు, కాదంటే కసురుకుంటారు, అవునంటే వదిలేస్తారు. ఇంట్లోనూ బడిలోనూ వీధిలోనూ ఇరవై ఏళ్ల పాటు ఇదే పాఠం నేర్చుకున్నవాడు, పోలీసు అధికారి ఎదుట కూర్చున్నప్పుడు హఠాత్తుగా వేరే మనిషైపోతాడని ఎలా అనుకుంటాం? పైగా మనం ప్రశ్నలు అడిగే తీరు కూడా దీనికి తోడవుతుంది. ‘నువ్వే తీశావు కదా?’ అన్న వాక్యం చివర ఆ ‘కదా’ వినిపించేసరికే, అడిగేవారికి ఏ జవాబు కావాలో ఎదుటివాడికి తెలిసిపోతుంది.

ఒకసారి ఒక కుర్రవాడికి తోడుగా నేను విచారణలో కూర్చున్నాను. అధికారి కసురుకోలేదు, మర్యాదగానే అడుగుతున్నారు. ‘ఆ సాయంత్రం నువ్వు అక్కడే ఉన్నావు కదా?’ అన్నారు. కుర్రవాడు ‘ఆఁ’ అన్నాడు. నేను అనుమతి తీసుకుని అదే సంగతిని తిరగేసి, ‘ఆ సాయంత్రం నువ్వు అక్కడ లేవు కదా?’ అన్నాను. దానికీ అంతే నిబ్బరంగా, అధికారి ముఖంలోకే చూస్తూ ‘ఆఁ’ అన్నాడు. అధికారి రాస్తున్న కలం కింద పెట్టేశారు. ఆ తరువాత ‘ఆ రోజు చీకటి పడే వేళకు ఏం చేశావో చెప్పు’ అని అడిగి ఊరుకుంటే, కుర్రవాడు చాలాసేపు ఆలోచించి, దారిలో తన చెప్పు తెగిందని, దాన్ని చేత్తో పట్టుకుని ఒంటి చెప్పుతో ఇంటికి నడిచానని చెప్పాడు. ఆ తెగిన చెప్పును ఆధారం చేసుకునే అతను ఆ సాయంత్రం ఎక్కడ ఉన్నాడో తేల్చగలిగారు. ప్రశ్న మార్చేదాకా ఆ చెప్పు సంగతి ఎవరికీ తెలియదు.

ఇలా లొంగిపోయే గుణాన్ని కొలవడానికి మనస్తత్వ శాస్త్రంలో పద్ధతి ఉంది. ఐస్‌లాండ్‌కు చెంది బ్రిటన్‌లో పనిచేసిన గిస్లీ గుడ్‌యాన్సన్ 1980లలో దాన్ని రూపొందించారు. ఒక చిన్న కథ వినిపించి, అందులో లేని సంగతులను ఉన్నట్టుగా ప్రశ్నలలో ఇరికించి అడుగుతారు. తరువాత ‘తప్పులు చెప్పావు, ఈసారి జాగ్రత్తగా చెప్పు’ అని గట్టిగా అని మళ్లీ అవే ప్రశ్నలు అడుగుతారు. మొదటిసారి ఎన్నింటికి తలూపారో, రెండోసారి ఎన్ని జవాబులు మార్చారో లెక్కిస్తారు. మీ తమ్ముడికి ఇటువంటి పరీక్ష చేయగల నిపుణులు అందుబాటులో ఉంటే ఆ నివేదికను కోర్టు ముందు పెట్టమని మీ వకీలును అడగండి.

ఒప్పుకోలు అబద్ధం కావచ్చని న్యాయవ్యవస్థలు చాలా ఆలస్యంగా, చాలా మంది నష్టపోయాక గ్రహించాయి. అమెరికాలోని వర్జీనియాలో ఎర్ల్ వాషింగ్టన్ జూనియర్ అనే వ్యవసాయ కూలీ ఉండేవారు. తెలివితేటల పరీక్షలో వచ్చే అంకె, అంటే ఐక్యూ, 69. 1983లో వేరే కేసులో పట్టుకుని ప్రశ్నించగా, అడిగిన నేరాన్నల్లా ఒప్పుకుంటూ పోయారు. వాటిలో చాలావాటికి ఆయన మాటలు పొసగక పోలీసులే వదిలేశారు కానీ ఒక మహిళ హత్య కేసును మాత్రం వదల్లేదు. చనిపోయినామె శ్వేతజాతి మహిళ అయితే ఆయన నల్లజాతి మహిళ అన్నారు. ఒంటి మీద 38 కత్తిపోట్లు ఉంటే రెండో మూడో పోట్లు అన్నారు. అయినా మరణశిక్ష పడింది. 1985లో ఇంకా తొమ్మిది రోజులలో అమలవుతుందనగా ఆగింది. చివరికి డీఎన్‌ఏ పరీక్షల తరువాత 2000లో గవర్నరు ఆ హత్య కేసు నుంచి విముక్తి కలిగించారు. ఆయన ఒప్పుకున్న మాటలను జరిగిన వాస్తవాల పక్కన పెట్టి ఎవరైనా నిదానంగా చూసి ఉంటే 1983లోనే బయటపడవలసిన నిజం అది.

లండన్‌లో 1972లో మాక్స్‌వెల్ కాన్‌ఫెయిట్ అనే వ్యక్తి హత్య కేసులోనూ ఇదే జరిగింది. ముగ్గురు కుర్రవాళ్లకు వారి ఒప్పుకోళ్ల ఆధారంగానే శిక్షలు పడ్డాయి. పెద్దవాడికి 18 ఏళ్లు, మేధో వైకల్యం ఉంది. ప్రశ్నించినప్పుడు వారి పక్కన పెద్దవాళ్లెవరూ లేరు. 1975లో అప్పీలు కోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. ఆ కేసుపై నియమించిన ఫిషర్ విచారణ 1977లో నివేదిక ఇచ్చింది. అక్కడ మొదలైన చర్చ 1984 నాటి పోలీసు, నేర సాక్ష్యాల చట్టానికి దారితీసింది. ఇవాళ ఇంగ్లండ్‌లో ఇటువంటి వ్యక్తిని ప్రశ్నించాలంటే ‘యాప్రోప్రియేట్ అడల్ట్’ అనే తోడు మనిషి పక్కన ఉండాలి. ఆ మనిషి ఊరికే కూర్చోవడానికి కాదు. సలహా చెప్పడానికి, ప్రశ్నించే తీరు న్యాయంగా ఉందో లేదో కనిపెట్టడానికి, ఇరువైపులా మాట అర్థమయ్యేలా చూడటానికి.

మీరు చేయవలసినవి: వెంటనే వకీలును పెట్టుకోండి, స్తోమత లేకపోతే ఉచిత న్యాయ సహాయం కోసం దరఖాస్తు చేయండి. వైకల్య ధ్రువపత్రం, బడి రికార్డులు, పాత పరీక్షల నివేదికలు ఒకచోట చేర్చండి. విచారణను వీడియో తీసి ఉంటే దాని నకలు కోరమనండి, తీయకపోతే ఎందుకు తీయలేదని అడగమనండి. ఒప్పుకోలులోని ఒక్కొక్క వివరాన్నీ ముందు ఎవరు పలికారో చూడాలి: మీ తమ్ముడా, అడిగినవారా? ఇకపై తోడు లేకుండా అతన్ని ప్రశ్నించకూడదని రాతపూర్వకంగా కోరండి. భారతదేశంలో పోలీసు అధికారికి ఇచ్చిన ఒప్పుకోలును నిందితుడికి వ్యతిరేకంగా రుజువుగా వాడటానికి లేదు. అయితే ఆ మాటల వల్ల దొరికిన వస్తువుల సంగతి, మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన వాంగ్మూలం సంగతి వేరు కాబట్టి, ‘పోలీసుల దగ్గర చెప్పింది చెల్లదులే’ అన్న ధీమాతో ఊరుకోకండి.

మరొక్క మాట. మీ తమ్ముడి చేత ‘నేను తీయలేదు’ అని పదే పదే చెప్పించి అలవాటు చేయాలని మీకు అనిపించవచ్చు. దయచేసి ఆ పని చేయకండి. మీరు అడిగారని అతను ఆ మాటా అప్పజెబుతాడు, ఆ సంగతి ఎదుటి వకీలు రెండు ప్రశ్నలలో కనిపెడతారు.

ప్రశ్న: నేను రెండేళ్లుగా వకీలుగా పనిచేస్తున్నాను. నా కక్షిదారుకు మేధో వైకల్యం ఉందని వాళ్ల నాన్నగారు చెబుతున్నారు. నాతో మాత్రం మామూలుగానే మాట్లాడతాడు, ఏది చెప్పినా ‘అర్థమైంది సార్’ అంటాడు. పాత నివేదికలో ఐక్యూ 72 అని ఉంది. 70 దాటింది కాబట్టి వైకల్యమే కాదని అవతలివారు వాదిస్తారని భయంగా ఉంది. అతనితో ఎలా మాట్లాడాలి?

జవాబు: అంకె సంగతి ముందు చూద్దాం. ఐక్యూ పరీక్షకు కొన్ని పాయింట్ల పొరపాటు సహజం; అందుకే 70 నుంచి 75 దాకా వచ్చినవారిని ఆ ఒక్క అంకెతో తోసిపుచ్చకూడదని నిపుణులు చెబుతారు. ఫ్లోరిడా రాష్ట్రం మరణశిక్ష కేసులలో 70 దగ్గర గీత గీసి, ఆపైన ఒక్క పాయింటు వచ్చినా ఇక వినమంటే, అది చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 2014లో హాల్ కేసులో తీర్పు ఇచ్చింది. అంతకు ముందు, 2002 నాటి ఆట్కిన్స్ కేసులో, మేధో వైకల్యం ఉన్నవారికి మరణశిక్ష అమలు చేయరాదని చెబుతూ, వీరు చేయని నేరాన్ని ఒప్పుకునే ప్రమాదం ఎక్కువనీ, తమ వకీలుకు సరిగా సహాయపడలేరనీ ఆ కోర్టే గుర్తించింది. మేధో వైకల్యం అంటే ఐక్యూ ఒక్కటే కాదు. రోజువారీ బతుకులో కావలసిన నేర్పులు ఎంత ఉన్నాయి, ఈ ఇబ్బంది ఎదిగే వయసులోనే మొదలైందా అన్నవి కూడా చూడాలి. చిల్లర లెక్క పెట్టగలడా, గడియారం చూసి ఇంకెంత సేపుందో చెప్పగలడా, కొత్త చోటికి ఒంటరిగా వెళ్లి రాగలడా, మాత్రలు ఎవరూ గుర్తు చేయకుండా వేసుకుంటాడా అని వాళ్ల నాన్నగారిని అడిగి రాసుకోండి. కోర్టులో వీటి బరువు మీరు అనుకున్నదానికన్నా ఎక్కువే.

మామూలుగా మాట్లాడతాడన్నారు. తన లోటు బయటపడకుండా దాచుకోవడం చాలామంది ఏళ్ల తరబడి సాధన చేసిన విద్య. పేపరు చేతికిస్తే చదివినట్టు కళ్లు తిప్పుతారు, కళ్లద్దాలు మరిచిపోయానంటారు, ఎదుటివారు నవ్వితే తామూ నవ్వుతారు. దాన్ని మోసం అనుకోకండి, అది అతని పరువు.

కాబట్టి ‘అర్థమైందా?’ అని ఎప్పుడూ అడగకండి. ఆ ప్రశ్నకు ‘అర్థం కాలేదు’ అని జవాబు చెప్పగలిగినవాడికి మీ సహాయం అంతగా అక్కరలేదు. ‘ఇప్పుడు నేను చెప్పింది ఇంటికెళ్లి అమ్మకు ఎలా చెబుతావో నాకు చెప్పి చూపించు’ అనండి. ఒక యువకుడికి మౌనంగా ఉండే హక్కు ఉందని అధికారి చదివి వినిపించారు. అర్థమైందా అంటే అర్థమైందన్నాడు. నేను చెప్పించి చూస్తే, ‘అరవకూడదన్నారు, నోరు మూసుకుని కూర్చోమన్నారు’ అన్నాడు. చట్టం అతనికి ఇచ్చిన రక్షణ అతని చెవిలో మందలింపుగా పడింది. అదే సంగతిని ‘వాళ్లు అడిగినదానికి జవాబు చెప్పాలని లేదు. చెప్పాలనిపిస్తే చెప్పు. చెప్పాలని లేకపోతే, చెప్పనండి అను. అలా అన్నావని నిన్ను ఎవరూ కొట్టకూడదు’ అని నాలుగు చిన్న వాక్యాలుగా విడగొట్టి చెబితే, రెండోసారికి సరిగ్గా తిరిగి చెప్పాడు.

మన కోర్టు తెలుగు చదువుకున్నవారికే కొరకరాని కొయ్య. వాంగ్మూలం, అభియోగం, ముద్దాయి, పూచీకత్తు వంటి మాటలను మీరు ముందుగానే ఇంటి మాటలలోకి మార్చి రాసుకోండి. ఒక వాక్యంలో ఒక్క సంగతే ఉండాలి. అడిగాక ఆగండి, మీకు ఇబ్బందిగా అనిపించేంత సేపు, పది సెకన్ల దాకా ఆగండి. చాలామంది వకీళ్లు మూడో సెకనుకే ప్రశ్నను వేరే మాటల్లో మళ్లీ అడుగుతారు, దాంతో అతను మొదటి నుంచీ ఆలోచించుకోవాలి. తేదీలూ గంటలూ అడగకుండా, తిన్నాకా తినకముందా, నాన్న ఇంటికి వచ్చాకా రాకముందా అని అతనికి తెలిసిన గుర్తులతో అడగండి. ‘ఇదా, అదా?’ అని రెండు చెప్పి ఎంచుకోమంటే చివర విన్నదాన్నే చెప్పేవారు ఉంటారు. అరగంటకోసారి విరామం ఇవ్వండి. విచారణకు ముందు ఖాళీగా ఉన్న కోర్టు గదికి తీసుకెళ్లి, న్యాయమూర్తి ఎక్కడ కూర్చుంటారో, అతను ఎక్కడ నిలబడాలో చూపించండి. నేరం ఒప్పుకోవాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం ఒకే విడతలో తీసుకోనివ్వకండి. రెండు రోజుల తేడాతో రెండుసార్లు అడిగి, రెండుసార్లూ కారణం చెప్పించుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి మీద కొట్లాట కేసు ఉంది. విచారణకు తగిన స్థితిలో లేడని సర్టిఫికెట్ తెస్తే కేసు అక్కడితో పోతుందని ఒకాయన సలహా ఇచ్చారు. తెచ్చేయమంటారా? — ఒక తండ్రి

జవాబు: తొందరపడకండి. ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలు కలగాపులగం అవుతున్నాయి. ఘటన జరిగినప్పుడు తను చేస్తున్నది తప్పని గ్రహించే స్థితిలో ఉన్నాడా అన్నది ఒకటి. ఇప్పుడు కేసు నడిచే తీరు అర్థం చేసుకుని వకీలుకు తన మాట చెప్పుకోగలడా అన్నది రెండోది. మొదటిదానికి ‘లేడు’ అని తేలితే శిక్షార్హమైన బాధ్యత ఉండకపోవచ్చు. రెండోదానికి ‘చెప్పుకోలేడు’ అని తేలితే మాత్రం కేసును కొట్టివేయరు, చాలాచోట్ల ఆపుతారు. ఆగిన కేసు ఎన్నాళ్లు ఆగుతుంది, అంతవరకు మనిషి ఎక్కడ ఉంటాడు అన్నదే అసలు చిక్కు.

పశ్చిమ ఆస్ట్రేలియాలో మార్లన్ నోబుల్ అనే ఆదివాసీ వ్యక్తికి జరిగింది ఇదే. 2001లో అభియోగాలు వచ్చాయి. మేధో వైకల్యం వల్ల విచారణకు తగడని తేల్చారు. దాంతో నేరం చేశాడో లేదో ఏ కోర్టూ తేల్చకుండానే, ఏ శిక్షా పడకుండానే, ఆయన పదేళ్లకు పైగా జైల్లో ఉండిపోయారు. బయటికి వచ్చింది 2012లో, అదీ షరతులతో. వికలాంగుల హక్కుల ఒడంబడికను పర్యవేక్షించే ఐక్యరాజ్యసమితి కమిటీ 2016లో ఇది ఆయన హక్కులకు భంగమని తేల్చింది. నేరం రుజువై శిక్ష పడి ఉంటే ఇంకా ముందే విడుదలై ఉండేవారేమో అన్న ఆలోచన వస్తే నాకు మనసు కలచివేస్తుంది.

పైగా మేధో వైకల్యం మానసిక వ్యాధి కాదు. మానసిక వ్యాధి చికిత్సతో తగ్గవచ్చు. ‘తగ్గాక విచారిద్దాం’ అని కేసు వాయిదా వేస్తే, జన్మతః ఉన్న మేధో వైకల్యం తగ్గేదేముంది? అందుచేత మీ వకీలు ముందుగా అడగవలసింది, తగిన సహాయం ఇస్తే మా అబ్బాయి విచారణలో పాల్గొనగలడా అని. తేలిక భాషలో ప్రశ్నలు, మధ్యలో విరామాలు, పక్కన మాట విడమరిచి చెప్పే మనిషి ఉంటే చాలామంది పాల్గొనగలరు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 13వ అధికరణం న్యాయ ప్రక్రియలో ఇటువంటి సర్దుబాట్లు కల్పించాలనే చెబుతోంది. ఆ సహాయం ఇచ్చినా కుదరదని తేలితేనే సర్టిఫికెట్ మాట ఎత్తండి. అప్పుడు కూడా మీ అబ్బాయి ఎక్కడ ఉంటాడు, ఎన్నాళ్లకోసారి సమీక్షిస్తారు, గరిష్ఠ గడువు ఏమిటి అన్నవి వకీలుతో ముందే తేల్చుకోండి.

ప్రశ్న: తప్పు ఎవరు చేసినా తప్పే కదా? వైకల్యం పేరుతో మినహాయింపులు ఇస్తూ పోతే బాధితుల గతేమిటి?

జవాబు: నేను మినహాయింపులు అడగడం లేదు. తప్పు చేసినవాడు మేధో వైకల్యం ఉన్నవాడైనా జవాబుదారీ కావలసిందే. తను ఏం చేశాడో, దానివల్ల ఎదుటివారికి ఏం జరిగిందో అర్థమయ్యేలా అతనికి తెలియజెప్పడం కూడా అందులో భాగమే. అయితే చేయనివాడు ఒప్పుకున్న రోజున చేసినవాడు బయట తిరుగుతూ ఉంటాడు. పైన చెప్పిన వర్జీనియా కేసులో హతురాలి కుటుంబానికి అన్నేళ్ల పాటు దక్కిన న్యాయమేమిటో ఆలోచించండి. పైగా మేధో వైకల్యం ఉన్నవారు నిందితులుగానే కాదు, బాధితులుగా కూడా ఈ మెట్లు ఎక్కుతుంటారు. తరువాతి ఉత్తరం అటువంటి తల్లిదే.

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు, మేధో వైకల్యం ఉంది. తెలిసిన మనిషే ఆమెపై లైంగిక దాడి చేశాడు. ఫిర్యాదు ఇవ్వాలంటే, ‘ఈ అమ్మాయి సాక్ష్యం కోర్టులో నిలబడదు, అనవసరంగా అల్లరి పాలవుతారు’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఆ మాట చెప్పినవారిని నమ్మకండి. ఫిర్యాదు ఇవ్వండి. ప్రశ్న అర్థమై, తన పద్ధతిలో జవాబు చెప్పగలిగిన ఎవరైనా సాక్షి కావచ్చు. వైకల్యం ఉన్నంత మాత్రాన సాక్ష్యం తక్కువది కాదని భారత సుప్రీంకోర్టు 2021లో, ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన పటాన్ జమాల్ వలీ కేసులో స్పష్టంగా చెప్పింది. అక్కడి బాధితురాలు చూపు లేని యువతి, కానీ ఆ మాట వైకల్యం ఉన్న సాక్షులందరికీ వర్తిస్తుంది.

భారతదేశంలో నేర విచారణ పద్ధతిని నిర్దేశిస్తూ ఇప్పుడు అమలులో ఉన్న నాగరిక సురక్షా సంహిత అనే చట్టం ప్రకారం, ఇటువంటి నేరానికి గురైన వైకల్యం ఉన్న వ్యక్తి ఫిర్యాదును పోలీసులే ఆమె ఇంటికో, ఆమె కోరిన చోటికో వచ్చి నమోదు చేయాలి. దుబాసీ గానీ ప్రత్యేక ఉపాధ్యాయులు గానీ పక్కన ఉండాలి, వీడియో తీయాలి. మేజిస్ట్రేటు ముందు అదే విధంగా నమోదైన వాంగ్మూలాన్ని కోర్టులో ప్రధాన సాక్ష్యంగా తీసుకుంటారు కాబట్టి, ఆమె జరిగినదంతా మళ్లీ మొదటి నుంచి చెప్పనక్కరలేదు. ఎదుటి పక్షం ప్రశ్నలకు మాత్రం జవాబు చెప్పాలి. ఇంగ్లండ్‌లో 1999 చట్టం సాక్షులకు ప్రశ్నలూ జవాబులూ అర్థమయ్యేలా విడమరిచి చెప్పే ఇంటర్మీడియరీ అనే మధ్యవర్తిని ఇచ్చింది. ఉత్తర ఐర్లండ్ 2013 నుంచి నిందితులకు కూడా ఆ సౌకర్యం కల్పించింది. అక్కడ సాక్ష్యానికి ముందే న్యాయమూర్తి, వకీళ్లు, మధ్యవర్తి కలిసి కూర్చుని, ఏ రకం ప్రశ్నలు అడగకూడదో, ఎంతసేపటికి విరామం ఇవ్వాలో తేల్చుకుంటారు. ఏ దేశంలోనైనా మీ తరఫు వకీలు ఇటువంటి సమావేశం కావాలని న్యాయమూర్తిని కోరవచ్చు.

ఇంట్లో మీరు పాటించవలసిన జాగ్రత్త ఒకటుంది, దాన్ని పాటించడం తల్లికి చాలా కష్టమని తెలిసీ చెబుతున్నాను. ఏం జరిగిందని మీ అమ్మాయిని పదే పదే అడగకండి. చుట్టాలను అడగనివ్వకండి. ఆమె తనంతట తాను చెబితే వినండి, ఆమె వాడిన మాటలను మార్చకుండా, ఆమె వేలు పెట్టి ఏం చూపించిందో కూడా అలాగే రాసుకోండి. శరీర భాగాలకు ఆమె ఇంట్లో వాడే పేర్లను ప్రత్యేక ఉపాధ్యాయులకు ముందే చెప్పండి; వాంగ్మూలం తీసుకునేవారికి ఆ పేర్లు తెలియక కేసులు దెబ్బతిన్న సందర్భాలు నేను చూశాను. ఆమె నవ్వుతూ చెప్పినా, మధ్యలో వేరే కబుర్లలోకి వెళ్లినా కంగారు పడకండి. భయపడినప్పుడు నవ్వేవారు ఉంటారని వాంగ్మూలం తీసుకునేవారికి మీరే ముందుగా చెప్పండి.

ప్రశ్న: నేను జైలు సిబ్బందిలో ఒకడిని. మా దగ్గర ఒక ఖైదీ హాజరు వేళకు వరుసలోకి రాడు, చెప్పిన పని సగంలో వదిలేస్తాడు. ఎన్నిసార్లు శిక్షించినా మార్పు లేదు. ఇతనికి మేధో వైకల్యం ఉండవచ్చని నాకు అనుమానం. మా చేతుల్లో ఏముంటుంది?

జవాబు: మీకు ఆ అనుమానం రావడమే అతని అదృష్టం. ఖైదీలను ఎలా చూడాలో చెబుతూ 2015లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలలో 39వది, క్రమశిక్షణ చర్య తీసుకునే ముందు, ఆ ప్రవర్తనకు మానసిక వ్యాధి గానీ ఎదుగుదలకు సంబంధించిన వైకల్యం గానీ ఎంతవరకు కారణమో చూడాలని చెబుతోంది. శిక్షించే ముందు వైద్యాధికారి చేత చూపించమని మీ పై అధికారికి రాతపూర్వకంగా రాయండి.

అతను మొండికేస్తున్నాడా, లేక చెప్పింది పట్టుకోలేకపోతున్నాడా అన్నది తేల్చడం కష్టం కాదు. మూడు పనులు ఒకేసారి చెప్పకుండా ఒక్కటే చెప్పండి, అది అయ్యాక రెండోది చెప్పండి. అతను అప్పుడు చేయగలిగితే మీకు జవాబు దొరికినట్టే. గంట మోగగానే ఎటు వెళ్లాలో బొమ్మల కాగితం గోడకు అంటించండి. తోటి ఖైదీలు అతని చేత పనులు చేయించుకుంటున్నారా, అతని వస్తువులు లాక్కుంటున్నారా, తమ తప్పులు అతని మీద వేస్తున్నారా అని గమనించండి. ‘అవును, నేనే’ అనే అలవాటు బారక్‌లో కూడా పోదు. ఒంటరి గదిలో పెట్టడం వల్ల ఇటువంటివారి పరిస్థితి దిగజారుతుందంటే అలా పెట్టకూడదని అవే నియమాలలో 45వది చెబుతోంది.

విడుదల రోజున మరొక ప్రమాదం ఉంది. షరతుల కాగితం చేతికిచ్చి సంతకం పెట్టించుకుంటారు, అతను పెడతాడు, మొదటి వారంలోనే ఒక షరతు తప్పి మళ్లీ లోపలికి వస్తాడు. ‘ప్రతి సోమవారం ఉదయం 10 గంటలకు హాజరు కావలెను’ అన్న వాక్యాన్ని అతనికి పనికొచ్చేలా మార్చాలంటే ఒక క్యాలెండరు కావాలి. సోమవారాలన్నింటి చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టండి, పక్కన పది గంటలు చూపిస్తున్న గడియారం బొమ్మ గీయండి, వెళ్లవలసిన భవనం ఫొటో అంటించండి. అతన్ని తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి ఎదుటే, మొదటి సోమవారం మీద వేలు పెట్టించి, ఆ రోజు లేచినప్పటి నుంచి ఏమేం చేయాలో అతని నోటితోనే చెప్పించండి.